ముందు ఏ వారమో చెప్పండి

సమన్వయకర్త: గర్భిణులు వేసుకోకూడని మందులేమిటో ఒక జాబితా చెప్పేయండి డాక్టరు గారూ, ప్రేక్షకులు రాసుకుంటారు.

ప్రసూతి వైద్యురాలు: జాబితా ఇస్తే, అందులో పేరు కనబడిందని కావలసిన మందు కూడా మానేస్తారండీ. నేను ముందు అడిగేది ఏ వారమని. గర్భం నిలిచిన 28 రోజులకల్లా బిడ్డకు మెదడు, వెన్నుపాముగా మారే నాళం మూసుకుపోవాలి. అప్పటికి నెల తప్పి రెండు వారాలే! కొందరికి ఆ సంగతే తెలియదు. ఆ నాళం సరిగ్గా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ విటమిన్‌ను గర్భానికి ముందునుంచే మొదలుపెట్టమని పోరేది అందుకే.

ఔషధ నిపుణుడు: థాలిడోమైడ్ కథ అంతా ఆ రోజుల లెక్కే. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా వచ్చింది, వేవిళ్లకూ వాడారు. ఆఖరి నెలసరి నుంచి సుమారు 34వ రోజు మొదలు 50వ రోజు లోపల వేసుకున్నవారి బిడ్డలకే చేతులు, కాళ్లు, చెవులు దెబ్బతిన్నాయి. 1961 నవంబరులో అక్కడ వెనక్కి తీసుకున్నారు. ప్రపంచమంతా కలిపి బాధిత శిశువులు పదివేలకు పైనే.

సమన్వయకర్త: ఇది విన్నాక ఎవరైనా మాత్ర ముట్టుకుంటారా?

నరాల వైద్యుడు: నా భయం కూడా అదేనండీ. మూర్ఛ ఉన్న అమ్మాయి, పరీక్షలో రెండు గీతలు కనబడగానే మాత్రల స్ట్రిప్పు చెత్తబుట్టలో వేస్తుంది. మళ్లీ మూర్ఛ వచ్చి పడిపోతే తల్లికీ ప్రమాదం, బిడ్డకీ ప్రాణవాయువు అందదు.

సమన్వయకర్త: మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ వద్దని మీరే అంటారు కదా?

నరాల వైద్యుడు: అంటాను, గట్టిగానే అంటాను. పుట్టుకతో పెద్ద లోపాలు మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉంటే, ఆ మందుతో సుమారు పదిమందిలో. మెదడు ఎదుగుదల సమస్యలు 30 నుంచి 40 మందిలో. కానీ లామోట్రిజిన్‌కో, లెవెటిరాసెటామ్‌కో మారడం ఒక్కరోజు పని కాదు. పాతది తగ్గిస్తూ, కొత్తది పెంచుతూ వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. గర్భం వచ్చాక రక్తంలో లామోట్రిజిన్ పడిపోతుంది, మోతాదు మళ్లీ చూసుకోవాలి. పెళ్లి మాట రాగానే నా దగ్గరికి రమ్మంటాను. వచ్చేది మూడో నెలలో!

ప్రసూతి వైద్యురాలు: నాకు ఎదురయ్యేది ఇంకో రకం. “మందులేమైనా వాడుతున్నారా?” అంటే “లేదండీ” అంటారు. లేచి తలుపు దాకా వెళ్లి, “మొటిమలకు ఒకటి వేసుకుంటాను, అది మందు కాదనుకోండి” అంటారు. చూస్తే ఐసోట్రెటినోయిన్! గర్భానికి కనీసం నెల ముందే ఆపాల్సింది. అందుకే ఆ ప్రశ్న మానేశాను. సంచిలో ఉన్నవన్నీ బల్లమీద పెట్టమంటాను.