పీఆర్వోకి చట్టం లేదు, నియమావళి ఉంది

(జాతీయ ప్రజాసంబంధాల దినోత్సవం సందర్భంగా, నెల్లూరు, ప్రకాశం జిల్లాల పీఆర్వోల సమావేశానికి రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒంగోలు నుంచి, కందుకూరు నుంచి, కావలి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. కరెంటు ఆఫీసు, పోర్టు, ఆస్పత్రి, కాలేజీ, గ్రానైటు కంపెనీ, మున్సిపాలిటీ... ఒక్కొక్కరిది ఒక్కో కొలువు. కార్డు మీద మాత్రం అందరికీ ఒకటే మాట: పీఆర్వో, అంటే ప్రజాసంబంధాల అధికారి.

వకీలు కావాలంటే 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద బార్ కౌన్సిల్లో పేరు నమోదు కావాలి. ఆడిటర్లకు 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ఉంది. వృత్తిలో తప్పు చేస్తే సనదు పోతుంది, సభ్యత్వం పోతుంది. మనకు అలాంటి చట్టమేదీ లేదు. ట్రంకు రోడ్డులో ఏ ప్రెస్సుకైనా వెళ్లి వంద కార్డులు కొట్టించుకుంటే సాయంత్రానికి పీఆర్వో అయిపోవచ్చు. ఆపే వాళ్లు లేరు. ఈ వృత్తికి జాతీయ స్థాయి సంఘం ఎందుకు అని అడిగేవాళ్లకు నా జవాబు ఇక్కడే మొదలవుతుంది. చట్టం లేనిచోట మనకు మనమే కట్టుకున్న కట్టుబాటు అది.

పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1958లో కొద్దిమంది చేరిన బృందంగా మొదలైంది. 1966లో సొసైటీగా రిజిస్టరైంది. కాళీ హెచ్. మోదీ తొలి అధ్యక్షుడు. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో మొదటి అఖిల భారత సదస్సు జరిగింది. మనం ఏటా ఏప్రిల్ 21న కలవడానికి కారణం అదే. ఆ సదస్సులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే పని ఒకటుంది. వృత్తికి ఒక నీతి నియమావళి ఉండాలని ఒప్పుకుని, ఏథెన్స్ కోడ్‌ను మనది చేసుకున్నారు. అంతర్జాతీయ ప్రజాసంబంధాల సంఘం 1965 మేలో ఏథెన్సులో ఆమోదించిన పత్రం అది. ఫ్రాన్సుకు చెందిన లూసియాన్ మాత్రా రాశారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనే దానికి పునాది.

చిన్న పత్రమే. సారం మూడు ముక్కల్లో చెప్పొచ్చు. నిర్ధారణ కాని సమాచారాన్ని బయటికి వదలకూడదు. సంస్థ మేలునూ ప్రజల మేలునూ రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలి. ఏ అవసరం కోసమూ నిజాన్ని తగ్గించకూడదు. ఫ్రేము కట్టించి గోడకు తగిలించడం తేలిక. రాత్రి పదకొండుకి ఫోను మోగినప్పుడు అది మన చేతిలో ఉందా లేదా అన్నదే పరీక్ష.

మన తీరం వెంట రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఐసు ఫ్యాక్టరీలు ఉన్నాయి. చల్లదనానికి చాలాచోట్ల అమోనియానే వాడతారు. రాత్రి పదకొండుకి ఒక వాల్వు దగ్గర లీకైందనుకుందాం. యాజమాన్యం నుంచి వచ్చే మొదటి మాట ‘పొద్దున చూద్దాంలే’. రెండోది, ‘ప్రమాదం ఏమీ లేదని ఒక ముక్క రాసి పంపించు’. ఈ రెండూ తప్పే. తెల్లారేదాకా ఆగితే పక్క ఊళ్లోని వాట్సాప్ గ్రూపులు వార్తను వాటికి తోచినట్టు రాసేస్తాయి. ‘ప్రమాదం లేదు’ అని రాశాక ఇద్దరిని ఆస్పత్రిలో చేర్చారంటే, ఆ తర్వాత ఆ సంస్థ ఏం చెప్పినా నమ్మేవాళ్లుండరు.

అరగంటలో వెళ్లాల్సింది ఐదారు వరుసల ప్రకటన. ఏది లీకైంది, ఎక్కడ, ఎన్ని గంటలకు. చుట్టుపక్కల వాళ్లు ఇప్పుడు ఏం చేయాలి: గాలి ఎటు వీస్తోందో చూసుకుని, దానికి అడ్డంగా పక్కకు తప్పుకుని, గాలి వచ్చే వైపుకి వెళ్లాలి, ముక్కుకీ నోటికీ తడిగుడ్డ కట్టుకోవాలి, అమోనియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి, కళ్లు మండితే కనీసం పదిహేను నిమిషాలు మంచినీళ్లతో కడగాలి, ఊపిరాడకపోతే 108కి ఫోను చేయాలి. ఆ తర్వాత, ఇంకా తెలియనిది తెలియదనే రాయాలి: ‘ఎంతమంది అస్వస్థులయ్యారో లెక్క ఇంకా తేలలేదు.’ చివర, మళ్లీ ఎన్ని గంటలకు చెబుతారో, ఎవరు చెబుతారో. ఈ ప్రెస్‌నోటు తలమీద ‘ప్రకటన 1, రాత్రి 11.30’ అని వేయండి. ఈ అంకె వేయకపోతే మొదటి నోటూ మూడో నోటూ కలిసిపోయి, పాత లెక్కే పొద్దున పేపర్లో వస్తుంది.

కారణం మాత్రం ఆ రాత్రి రాయొద్దు. ‘సిబ్బంది నిర్లక్ష్యం’ అనో ‘సాంకేతిక లోపం’ అనో ఊహించి రాసిన ముక్క తర్వాత విచారణలోనూ కోర్టులోనూ మెడకు చుట్టుకుంటుంది. విచారణ చేసేవాళ్లు వేరే ఉన్నారు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి కమ్మినప్పుడు, హెచ్చరిక సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. జనం నిద్రలోనే ఆ గాలి పీల్చారు. సైరన్ కూడా ప్రజాసంబంధమే. ప్లాంటుకు బయట ఉన్న ఊరికి, సైరన్ మోగితే ఏం చేయాలో ఏడాదికి రెండుసార్లన్నా చెప్పి చేయించడం మన పనుల పట్టికలో ఉండాలి. అది ‘సేఫ్టీ వాళ్ల పని’ అని మన శాఖలు పక్కకు నెట్టేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ప్రపంచంలో తొలి ప్రెస్‌నోటుగా చెప్పుకునేది కూడా ప్రమాదం గురించిందే. 1906 అక్టోబరు చివర్లో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి పడిపోయింది. రైల్వే కంపెనీకి పనిచేస్తున్న ఐవీ లీ వివరాలు దాచకుండా రాసి పత్రికలకు ఇచ్చాడు, విలేకరుల్ని ఆ చోటికి తీసుకెళ్లి చూపించాడు. మన వృత్తి పుట్టుకలోనే ఆ గుణం ఉంది.

ఇక రోజువారీ సంగతి. ప్రమాదాలు ఎప్పుడో వస్తాయి, కరెంటు కోత ప్రకటన వారం వారం వస్తుంది. నియమావళిలోని ‘ఇరువైపుల మేలు’ అసలు తేలేది అక్కడే. మామూలుగా కనిపించే నోటు ఇలా ఉంటుంది: ‘33/11 కేవీ సబ్‌స్టేషన్ పరిధిలోని 11 కేవీ ఫీడర్ 3పై మరమ్మతుల నిమిత్తం రేపు విద్యుత్ సరఫరా నిలిపివేయబడును. వినియోగదారులు సహకరించగలరు.’ లైన్‌మన్‌కు ఇది అద్దంలా అర్థమవుతుంది. మైపాడు రోడ్డులో పిండిమిల్లు పెట్టుకున్న ఆయనకు తన మిల్లు ఏ ఫీడరు మీద ఉందో ఎలా తెలుస్తుంది? ఆ ‘రేపు’ అన్న మాట ఇంకా పెద్ద తప్పు. మంగళవారం నోటులో రాసిన ‘రేపు’ బుధవారం పేపర్లో పడితే గురువారం అవుతుంది. చదివినాయన బుధవారం మిక్సీలో పప్పు వేసుకుని కూర్చుంటాడు.

దాన్నే ఇలా రాయండి: ‘22వ తేదీ బుధవారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు ఈ వీధుల్లో కరెంటు ఉండదు.’ కింద వీధుల పేర్లు, గుడి పేరో బడి పేరో గుర్తుగా. ‘ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న రోగులుంటే ముందుగా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పండి.’ నిలిపివేయబడును, చేపట్టబడును అనే ‘బడు’లు తీసేయండి. పని ఆలస్యమయ్యేలా ఉంటే రెండో సందేశం పన్నెండున్నరకే వెళ్లాలి. ఒంటిగంట దాటాక ఫోన్లు మొదలైనాక పంపితే అది సంజాయిషీ కిందే లెక్క. వీధుల పేర్లు ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరుని) అడిగి పెట్టుకున్న పట్టిక ఒకసారి తయారైతే ఏళ్ల తరబడి పనికొస్తుంది. రెండు రోజుల కష్టం అంతే.

నోటు పంపే తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి నోట్లు సగం ఇక్కడే చచ్చిపోతున్నాయి. ‘అను’ అనే పాత తెలుగు ఫాంటులో టైపు చేసి ఫైలు పంపితే, ఆ ఫాంటు లేని ఫోనులో అది పిచ్చి గీతలుగా తెరుచుకుంటుంది. సంతకం చేసిన కాగితాన్ని ఫోటో తీసి పంపితే డెస్కులో ఉన్నాయన మళ్లీ అంతా టైపు చేసుకోవాలి. చేయడు. ఏ ఫోనులోనైనా తెరుచుకునే యూనికోడ్‌లో, మెసేజిలోనే పూర్తి పాఠం పెట్టండి, సంతకం కాపీ వెనక జోడించండి. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది, అచ్చులో మసక వస్తుంది. డాక్యుమెంటుగా పంపాలి. ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి వరుసగా, హోదాతో రాయాలి. జిల్లా పేజీలు రాత్రికే మూసేస్తారు గనుక మామూలు వార్త సాయంత్రం నాలుగింటికల్లా మండల విలేకరికీ డెస్కుకూ చేరాలి. ఏడింటికి పంపి ‘మా వార్త వేయలేదు’ అని అలగడం సబబు కాదు.

కవర్ల గురించి కూడా మాట్లాడుకుందాం. ప్రెస్‌మీట్ అయ్యాక విలేకరి చేతిలో డబ్బు కవరు పెట్టడం కొన్నిచోట్ల అలవాటైపోయింది. వార్త కొనగలమని యజమానికి మనమే నేర్పినట్టు. ఒకసారి నేర్పాక, నష్టం కలిగించే వార్తను కూడా కవరుతో ఆపమంటాడు. ప్రెస్ కౌన్సిల్ 2010లో పెయిడ్ న్యూస్ (డబ్బు తీసుకుని వేసే వార్తలు) మీద నివేదిక ఇచ్చినప్పుడు అందరూ పత్రికల్ని తిట్టారు. ఇచ్చే చేయి లేకుండా పుచ్చుకునే చేయి ఉండదు. ‘వార్త తప్పకుండా వేయిస్తాను’ అని యజమానికి మాటివ్వకండి. మన చేతిలో ఉన్నది నోటు, వివరాలు, అడిగితే ఎత్తే ఫోను. ప్రచురణ ఎడిటరు నిర్ణయం. యాడ్ కావాలంటే యాడ్ రేటుకు యాడ్‌గానే వేయించాలి.

ఇలా కాదనడం ఒంటరి ఉద్యోగికి కష్టం. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. సంఘం అక్కరకు రావాల్సింది అక్కడే. ‘మా వృత్తి నియమావళి ఇది ఒప్పుకోదు సార్’ అని చెప్పేందుకు వెనక ఒక పత్రం, అవసరమైతే మాట్లాడే ఇద్దరు పెద్దలు ఉండాలి. శాలువాలు, జ్ఞాపికలు తర్వాత చూసుకోవచ్చు. సభ్యత్వం తీసుకునే ప్రతి కొత్తవాళ్ల చేత నియమావళిని గట్టిగా చదివించాలి, రెండు నమూనా నోట్లు రాయించి దిద్దాలి. మూడు నెలలకోసారి కలిసినప్పుడు ఉపన్యాసం అరగంట చాలు. మిగతా గంటన్నర ఎవరి నోట్లు వాళ్లు తెచ్చి బల్ల మీద పెట్టుకుని ఒకరివి ఒకరు దిద్దుకోవాలి.

ప్రజల మాట వినడమంటే ఏమిటో మన నెల్లూరు జిల్లాకు బయటివాళ్లు నేర్పక్కర్లేదు. తొంభైల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో చదువుకున్నారు. వాచకంలోని పాఠంలో సారాయి వల్ల చితికిన తమ ఇళ్లే వాళ్లకు కనబడ్డాయి. చదివి ఊరుకోలేదు, సారా దుకాణం మూయించారు. ఊరు ఊరూ కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది. చదువు చెప్పడానికి వెళ్లిన ప్రభుత్వం జవాబు చెప్పాల్సి వచ్చింది. మనం ఇంకా ఒకవైపే మాట్లాడుతున్నాం. ప్రెస్‌నోటు పంపాక జనం ఏం అడిగారో రాసుకునే పుస్తకం ఎన్ని ఆఫీసుల్లో ఉంది? ఒకే ప్రశ్న పదిమంది అడిగారంటే ఆ జవాబు మన నోటులో లేదని అర్థం. వచ్చే నోటులో అదే మొదటి వరుస కావాలి.

సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 కూడా ఇదే కోరుతుంది. ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకముందే 17 రకాల వివరాలు బయట పెట్టాలి. ప్రభుత్వ ఆఫీసుల్లో ఉన్న మిత్రులు మీ వెబ్‌సైటులో అవి ఎప్పటివో ఓసారి చూడండి. బదిలీ అయిన అధికారి పేరూ ఫోనూ అలాగే ఉంటే ముందు అది మార్చండి.

ఒక్క పని మాత్రం ఈ ఏడాది తప్పక చేద్దాం. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు, హైవే మీద వాహనాలు ఆగిపోయినప్పుడు, జనానికి కావలసింది ఒకటే: దారి తెరిచారా, రైలుందా, ఎవర్ని అడగాలి. అందుకని రెండు జిల్లాల పీఆర్వోలకు, ఆస్పత్రులకు, కరెంటు, రైల్వే, హైవే, పోర్టు వాళ్లకు కలిపి ఒకే ఫోన్ల జాబితా పెట్టుకుందాం. ప్రతి పేరుకూ రెండు నంబర్లు, ఆయన లేకపోతే ఎవరు ఎత్తుతారో ఆ పేరు. సెప్టెంబరు ఆఖరి వారంలో ఒక్కో నంబరుకూ ఫోను చేసి చూడాలి. ఎత్తకపోతే కొట్టేసి కొత్తది రాయాలి.

జాబితా చిత్తుప్రతి తలుపు పక్కన బల్ల మీద ఉంది. వెళ్లేటప్పుడు మీ నంబరు సరిగా ఉందో చూసి, తప్పుంటే ఎర్ర పెన్నుతో దిద్ది వెళ్లండి.