గని తవ్వకముందే బావి కొలవాలి

అందరికీ నమస్కారం. ఎర్రగుంట్లలో నిలబడి బొగ్గు గనుల గురించి మాట్లాడతానంటే మీకు నవ్వు రావచ్చు. మన వైపు సున్నపురాయి ఉంది, నాపరాయి ఉంది, మంగంపేటలో ముగ్గురాయి ఉంది, బొగ్గు మాత్రం లేదు. కానీ నేను నీటిమట్టాలు కొలవడం నేర్చుకున్నది గోదావరి లోయలో, బొగ్గు ఓపెన్ కాస్టుల చుట్టూ. క్వారీల పక్కన బోర్లున్న మీకు ఆ పని ఉపయోగపడుతుంది.

ఓపెన్ కాస్ట్ అంటే వందల ఎకరాల బావి అనుకోండి. అడుగున సంపులోకి ఊరే నీటిని పంపులతో తోడకపోతే బొగ్గు తీయలేరు. కొత్త బోరు ఆడితే పక్క చేలో బోరు తగ్గదూ, అట్లాగే గని కూడా చుట్టుపక్కల నీటిని లాగుతుంది. నీటిమట్టం గనివైపు గరాటులా వాలుతుంది. ఆ గరాటు అంచు ఏ ఊరి దాకా వచ్చిందో కనిపెట్టడమే మా ఉద్యోగం.

దానికి పీజోమీటర్లు వేస్తారు. అంటే మోటారు దించని బోర్లు. చిక్కంతా వీటిలోనే ఉంది. బొగ్గు పొరలకు పైనా కిందా ఇసుకరాయి ఉంటుంది, మధ్యమధ్య నీటిని పోనివ్వని బంకమట్టి పొరలు. ఊరి బావులకు నీరు పై పొర నుంచి వస్తుంది. కింది పొర నీటికి ఒత్తిడి వేరు, మట్టం వేరు. పైనుంచి అడుగుదాకా చిల్లుల పైపు దించేస్తే రెండు నీళ్లూ కలిసిపోతాయి. అప్పుడు వచ్చే అంకె ఏ పొరదీ కాదు. అలాంటి బోర్ల అంకెలతో అందంగా గీసిన గ్రాఫులు చాలా చూశాను.

మన సున్నపురాయిలో తంటా వేరే. నీరు రాయిని కరిగించుకుంటూ దారి చేసుకుంటుంది. బెలుం గుహల్లో 3,229 మీటర్ల పొడవున ఆ దారులే చూస్తాం. ఒక చీనీ తోటలో రెండించుల నీళ్లు పడితే, ముప్పై అడుగుల అవతల దుమ్ము లేస్తుంది. అందుకే ఇక్కడ ఒక్క బోరును నమ్ముకుని క్వారీని తిట్టడమూ కుదరదు, వెనకేసుకురావడమూ కుదరదు.

బొగ్గు గనుల పర్యావరణ అనుమతుల్లో మామూలుగా ఏడాదికి నాలుగు సార్లు కొలవమంటారు: మే, ఆగస్టు, నవంబరు, జనవరి. నన్నడిగితే నెలనెలా కొలవాలి. మూడు నెలల సందులో ఎన్ని వానలు, ఎన్ని మోటార్లు!

లోతును చూసి మోసపోకండి. సముద్ర మట్టానికి 150 మీటర్ల ఎత్తున్న మిట్ట మీద బావిలో 12 మీటర్ల కింద నీరుంది. 141 మీటర్ల ఎత్తున్న పల్లంలో 5 మీటర్లకే ఉంది. పల్లంలోనే నీరు పైన ఉందనిపిస్తుంది. లెక్క కడితే మిట్ట మీద 138, పల్లంలో 136. రెండూ ఒకే పొర నీళ్లయితే అవి మిట్ట నుంచి పల్లానికే పోతాయి.

ఒక ఊళ్లో గని వల్లే బావులెండాయని రైతులు, కరువు వల్లనేనని గనివాళ్లు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉండొచ్చు. ఎవరిది ఎంతో తేల్చాలంటే తవ్వకముందు కొలతలు కావాలి, గనికి దూరంగా ఉన్న ఒక బావి కొలతలూ కావాలి. రెండూ లేవు. చివరికి ఒక అవ్వ చెప్పింది, "మండు ఎండల్లో కూడా పదకొండో మెట్టు మీద కూర్చుని బిందె ముంచేదాన్ని నాయనా" అని. మేం వెళ్లేసరికి ఇరవై రెండు మెట్లూ పొడిగా ఉన్నాయి. ఆ ఊరికి దొరికిన పాత కొలత అదొక్కటే. దాన్ని ఏ ఆఫీసూ రాసుకోలేదు.

ఇక మాటలు చాలు. స్టీలు టేపు, సుద్దముక్క తెచ్చాను. టేపు చివర సుద్ద పూసి, 20 మీటర్ల గుర్తు గట్టు అంచుకు వచ్చేదాకా దించాలి. పైకి లాగినప్పుడు 1.4 మీటర్లు తడిసి ఉంటే నీరు 18.6 మీటర్ల కింద ఉన్నట్టు. అందులోంచి గట్టు ఎత్తు తీసేయాలి. రాత్రి నుంచి మోటారు వేయని బావి ఎవరిదో చెప్పండి, అక్కడికే పోదాం. ఒక నోటుబుక్కు కూడా పట్టుకోండి.