నాటకాలాడుతోంది అనే ముందు డెక్క ఎత్తి చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఈ ఎండలో, గుర్రాల గురించి వినడానికి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే అన్నలు వచ్చారు. కొత్తగా స్వారీ నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు వచ్చారు. మన గుర్రాలవాళ్ళ నోళ్ళలో రోజూ నానే మాటలు కొన్ని ఉన్నాయి. అవి వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

మొన్న మాఘమాసం పెళ్ళిళ్ళలో, మన బెజవాడ పటమట వైపు ఒక కల్యాణ మండపం ముందు తెల్లగుర్రాన్ని నిలబెట్టారు. జీను మీద జరీ గుడ్డ, నుదుటి మీద పూసల పట్టీ. బ్యాండు మోగుతోంది, పెళ్ళికొడుకు తయారుగా ఉన్నాడు. గుర్రం మాత్రం అడుగు వేయడం లేదు. కుడి ముందుకాలు నేలకి ఆనీ ఆనకుండా, కొన మీద పెట్టుకుని నిలబడింది. తోలే అబ్బాయి, "నాటకాలాడుతోందండీ, రెండు తగిలిస్తే అదే నడుస్తుంది" అన్నాడు. నేను అతన్ని అడిగి, వంగి ఆ డెక్క మీద అరచెయ్యి పెట్టాను. కాలుతోంది. మిగతా మూడూ చల్లగానే ఉన్నాయి. డెక్కకి పైన, మడమ వెనక వేలు పెడితే నాడి టకటకా కొట్టుకుంటోంది. "నాడాలు ఎప్పుడు కొట్టించావు తమ్ముడూ?" అంటే, మొన్ననే అన్నాడు. సంగతి తెలిసిపోయింది. నాడా అంటే డెక్క అడుగున మేకులతో బిగించే ఇనప పట్టీ. ఆ మేకు లోపలి కండకి దగ్గరగా దిగింది.

డెక్క బయటి భాగం మన గోరులాంటిది, అందులో నొప్పి తెలియదు. లోపల ఉన్నదంతా ప్రాణం ఉన్న కండ. రెంటికీ మధ్య అడుగున ఒక తెల్లగీత ఉంటుంది. మేకు ఆ గీత దాటి లోపలికి పోకూడదు. కాస్త దగ్గరగా పడినా సరే, బూటులో రాయి పెట్టుకుని నడిచినట్టే. ఆ రోజు పెళ్ళికొడుకు కారులో వెళ్ళాడు. సాయంత్రం నాడాలు కొట్టే సాయిబు గారు వచ్చి ఆ మేకు పీకితే, దాని కొన తడిగా ఉంది.

మన ఊళ్ళో బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, ఎటు చూసినా గుర్రపుడెక్క తేలుతూ ఉంటుంది. ఆ పేరు తెలియని పిల్లాడు ఉండడు. గుర్రం డెక్కని తిరగేసి చూసినవాళ్ళు మాత్రం, గుర్రం ఉన్న ఇళ్ళలో కూడా వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే.

నాటకాలు అనే మాట నాకు ఎందుకంత గుచ్చుకుంటుందో చెప్పాలి. మా నాన్న జట్కా తోలేవారు, వన్‌టౌన్ నుంచి రైల్వేస్టేషన్‌కి. నాకు పదేళ్ళప్పుడు ఒక వేసవి మధ్యాహ్నం, మా గుర్రం బండి కట్టాక మాటిమాటికీ మెడ తిప్పి తన కడుపు వైపు చూసుకుంటోంది. ముందుకాలితో నేల గీరుతోంది. బండి మాట్లాడుకున్న పెద్దమనిషి, "ఒళ్ళు బరువెక్కి నాటకాలాడుతోందయ్యా, తోలు" అన్నాడు. నాన్న తోలారు. ఆ రాత్రి అది లాయంలో పొర్లి పొర్లి, తెల్లారేసరికి పోయింది. అది కడుపునొప్పి. గుర్రం వాంతి చేసుకోలేదు. దాని అన్నవాహిక, కడుపు కలిసేచోట కండరం అంత బిగువుగా ఉంటుంది. కడుపులో చేరిన గాలి పైకి వచ్చే దారి లేదు. అందుకే కడుపునొప్పి అంటే గుర్రానికి ప్రాణం మీదకి వచ్చినట్టే. మెడ తిప్పి కడుపు చూసుకోవడం, నేల గీరడం, పడుకుని లేచి మళ్ళీ పడుకోవడం, ఇవి అది మనతో చెప్పే మాటలు. నాన్న వాటిని విన్నారు. కానీ పక్కనున్న మనిషి మాటకే విలువిచ్చారు. ఆ సంగతి ఆయన మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి. గుర్రం అడవిలో పులికీ తోడేలుకీ ఆహారంగా బతికిన జంతువు. కుంటుతూ కనబడిన గుర్రమే ముందు దొరికిపోతుంది. అందుకని ఓపిక ఉన్నంతవరకూ నొప్పిని దాచుకుంటుంది. బాగాలేనప్పుడు బాగున్నట్టు నిలబడుతుంది. అది కుంటి చూపించే దాకా వచ్చిందంటే ఇక దాచుకోలేకపోతోందని అర్థం.

రెండో మాట పొగరు. "దీనికి పొగరెక్కింది, ఉలవలు తగ్గించు." ఈ మాట నేనూ అన్నాను. పదిహేనేళ్ళ కింద ఎర్రగోధుమ రంగు ఆడగుర్రాన్ని ఒకదాన్ని కొన్నాను, పేరు లక్ష్మి. ఎడమ పగ్గం లాగితే చాలు, తల ఎగరేసేది. పొగరన్నాను. ఎవరో చెప్పారని గట్టి కళ్ళెం వేశాను. ఇంకా ఎక్కువ ఎగరేసింది. ఆరు వారాలు అలా దానితో కుస్తీ పట్టాను. ఒక రోజు పశువుల డాక్టరు గారు టీకా వేయడానికి వచ్చి, కింద చూసి, "ఈ ఉండలేమిటి?" అన్నారు. సగం నమిలి, తడి ఉండలుగా కింద పడేసిన గడ్డి అది. రోజూ నేనే ఊడ్చి పారేసేవాణ్ణి. ఆయన నోరు తెరిచి ఉంచే పరికరం పెట్టి, టార్చి వేసి, నన్ను రమ్మన్నారు. ఎడమ బుగ్గ లోపల రూపాయి బిళ్ళంత పుండు.

గుర్రం పైదవడ కింది దవడ కంటే వెడల్పు. దాని పళ్ళు వయసుతోపాటు ఏటా రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వస్తూనే ఉంటాయి. రోజంతా మేసే గడ్డి వాటిని అరగదీస్తుంది. రెండు దవడలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడవు కాబట్టి, పైపళ్ళ బయటి అంచు అరగక కత్తిలా తేలుతుంది. అది బుగ్గని కోస్తుంది. ఆ పుండు మీద కళ్ళెం నొక్కినప్పుడల్లా లక్ష్మి తల ఎగరేసింది. ఆకురాయితో ఆ అంచులు అరగదీసి, రెండు వారాలు కళ్ళెం వేయకుండా ఉంచాం. ఆ తర్వాత అది తల ఎగరేయలేదు. అప్పుడు దాని కళ్ళలోకి చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

గట్టి కళ్ళెం అంటే గుర్తొచ్చింది. ముళ్ళ కళ్ళెం ఇప్పటికీ వాడేవాళ్ళు ఉన్నారు. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే చట్టం కింద 1965లో వచ్చిన నిబంధనల్లోనే దాన్ని నిషేధించారు. దయచేసి ఇవాళే తీసి పారేయండి.

ఇక నేర్చుకునే పిల్లల దగ్గర మనం వాడే మాట. "నువ్వు భయపడితే దానికి తెలిసిపోతుంది!" ఇందులో నిజం లేకపోలేదు. స్వీడన్ పరిశోధకులు 2009లో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. గుర్రాలని కొందరు నడిపించారు, కొందరు ఎక్కి తోలారు, ఒకే దారిలో నాలుగుసార్లు. నాలుగోసారి వెళ్ళేముందు వాళ్ళతో, "ఈసారి గుర్రం పక్కన గొడుగు ఠప్పున తెరుస్తాం" అన్నారు. తెరవలేదు, అన్నారంతే. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, గుర్రాల గుండె వేగమూ పెరిగింది. మన టెన్షన్ దానికి అందుతుంది, కాదనను. కానీ వణుకుతున్న పన్నెండేళ్ళ పిల్లతో ఆ మాట అంటే ఏమవుతుంది? భయపడుతున్నానే అని ఇంకో భయం పట్టుకుంటుంది. దాని బదులు, "ఊపిరి వదలమ్మా, భుజాలు దించు, పగ్గం మీద వేళ్ళు వదులు చెయ్యి" అనండి. చేతికి పని దొరికితే భయం దానంతట అదే తగ్గుతుంది. పిల్ల ఊపిరి వదిలిన ఆ క్షణం గుర్రం చెవులు చూడండి, పక్కకి వదులుగా వాలతాయి. నేను ఎన్నోసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ సంతోషమే.

"చంటిపిల్లాడైనా ఎక్కొచ్చు, ఏమీ అనదు." ఇది గుర్రాన్ని అమ్మేటప్పుడు చెప్పేది. "ఇంతకుముందు ఎప్పుడూ ఇలా చేయలేదండీ." ఇది పిల్లాడు కిందపడ్డాక చెప్పేది. తల్లిదండ్రులు వినాలి, ఏమీ అనని గుర్రం లేదు. దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి, చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది. సరిగ్గా తోక వెనక, నుదుటికి ఎదురుగా దగ్గరలో మాత్రం కనబడదు. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చి చరిస్తే, ఎంత మంచిదైనా తన్నుతుంది. మనకి 20 వేల హెర్ట్జ్ దాకా వినబడితే దానికి 33 వేల దాకా వినబడుతుంది. డీజే పెట్టెల పక్కన అది ఏం వింటోందో మనకి తెలియదు. అమ్మేవాణ్ణి "ఎవరినైనా తన్నిందా?" అని కాదు, "దీనికి దేనికి బెదురు?" అని అడగండి. నిజాయితీ ఉన్నవాడు వెంటనే రెండు మూడు చెబుతాడు.

సుడుల గురించి అడిగేవాళ్ళూ ఉన్నారు. మెడ మీద ఈ సుడి ఉంటే యజమానికి అరిష్టమనీ, నుదుటి మీద ఆ సుడి ఉంటే లక్ష్మీప్రదమనీ. సుడి చూసి మంచి గుర్రాన్ని వద్దన్నవాళ్ళని ఎరుగుదును, కుంటి గుర్రాన్ని కొన్నవాళ్ళనీ ఎరుగుదును. కాళ్ళు చూడండి, పళ్ళు చూడండి. అంతకంటే నేను చెప్పేదేమీ లేదు.

"గుర్రం నిలబడే నిద్రపోతుందిగా" అని ఇంకో మాట. దీని పేరు చెప్పి ఇరుకు రేకుల షెడ్డులో, పొట్టి తాడుతో రాత్రంతా కట్టేస్తారు. గుర్రం నిలబడి కునుకు తీయగలదు, నిజమే. కాళ్ళలో కండని ఎముకకి కట్టే స్నాయువులు, కీళ్ళు బిగుసుకుని పడిపోకుండా ఆపుతాయి. కానీ గాఢనిద్రలో ఒళ్ళంతా వదులైపోయే దశ ఒకటుంది, అది పడుకుంటేనే వస్తుంది. రోజుకి కాసేపైనా చాలు, కానీ ఆ కాసేపు కావాలి. వారాల తరబడి పడుకోనివ్వకపోతే నిలబడ్డచోటే మోకాళ్ళు మడిచి కూలబడుతుంది. అలా కూలబడి, మీ గుర్రానికి ముందుకాళ్ళ డెక్క పై కీలు మీద తరచూ పుళ్ళు కనబడుతుంటే ఒకసారి అది పడుకునే చోటు చూడండి. ఎండుగడ్డి మెత్తగా పరిచి, తాడు పొడుగు చేసి, ఒక రాత్రి చాటుగా గమనించండి.

మన బెజవాడ ఎండలకి సంబంధించిన మాట వదిలేస్తే తప్పవుతుంది. "చెమట మీద నీళ్ళు పెట్టకూడదు, కడుపు పట్టేస్తుంది, ఒంటి మీద పోయకూడదు, కండలు పట్టేస్తాయి." ఇది పెద్దవాళ్ళ నుంచి వచ్చింది కాబట్టి ఎవరూ కాదనరు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ మండే వేసవిలో జరుగుతాయని, గుర్రాలు వేడిని ఎలా తట్టుకుంటాయో ముందుగా చాలా పరీక్షలు చేశారు. చల్లటి నీళ్ళు ఒళ్ళంతా మళ్ళీ మళ్ళీ పోస్తూ, నడిపిస్తూ ఉంటే ఒంటి వేడి త్వరగా దిగిందే తప్ప కండలు పట్టెయ్యలేదు. పెద్ద గుర్రానికి మామూలు రోజుల్లోనే 25 నుంచి 40 లీటర్ల నీళ్ళు కావాలి, మే నెలలో ఇంకా ఎక్కువ. ఊరేగింపు మధ్యలో ఆపి అరబక్కెట్ తాగించండి, కాసేపటికి మళ్ళీ ఇవ్వండి. పెళ్ళివాళ్ళు లేటవుతోందని విసుక్కుంటే నా పేరు చెప్పండి, నేను వచ్చి మాట్లాడతాను.

చాలామంది నన్ను, "అయితే ఏమనాలి సార్?" అని అడుగుతుంటారు. "ఎప్పట్నుంచి?" అని అడగండి. నడవడం లేదా, ఎప్పట్నుంచి? తల ఎగరేస్తోందా, ఎప్పట్నుంచి? నాడాలు మార్చాకా, జీను మార్చాకా, దాణా మార్చాకా? జవాబు వెతుకుతుంటే చెయ్యి దానంతట అదే డెక్క మీదకో, నోటి దగ్గరకో పోతుంది. దవడ ఎముక కింద లోపలి వైపు నాడి దొరుకుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి 28 నుంచి 44 ఉండాలి. ఊరికే నిలబడ్డ గుర్రానికి 60 దాటిందంటే ఇంకేమీ ఆలోచించకండి, డాక్టరుకి ఫోన్ చేయండి. పక్కనే గన్నవరంలో పశువైద్య కళాశాల కూడా ఉంది మనకి.

బయట వేపచెట్టు కింద లక్ష్మి ఉంది. ఇప్పుడు దానికి ఇరవై రెండేళ్ళు, చాలా నెమ్మదస్తురాలు. అయినా వెనక నుంచి వెళ్ళకండి. పిల్లలు ముందు రండి, ఎడమ భుజం వైపు నిలబడండి. ఎడమ ముందుకాలు ఎత్తి చూపిస్తాను, తర్వాత ఒక్కొక్కరు ఎత్తుదురుగాని.