బోరుబావి దగ్గర మొదలుపెడదాం
(అర్థశాస్త్ర అధ్యాపకులు, పీజీ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, ఎండను లెక్కచేయక వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

పర్యావరణ, సహజ వనరుల అర్థశాస్త్రాన్ని ఎలా బోధించాలి, ఎలా చదువుకోవాలి అన్నది నాకిచ్చిన అంశం. నా జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు పోట్లాడవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో ఈ పేపరును బోరుబావితో మొదలుపెట్టాలి. వీలైతే సెమిస్టరంతా అక్కడే ఉండాలి.

ఇప్పుడు ఎలా చెబుతున్నామో మీకు తెలియనిది కాదు. మొదటి యూనిట్‌లో పర్యావరణానికి నిర్వచనం. తర్వాత 1920 నాటి అర్థశాస్త్రవేత్త పిగూ, ఇతరులకు నష్టం కలిగించేవారిపై వేయాలంటూ ఆయన పేరిట వచ్చిన పన్ను. 1960 నాటి కోస్, నష్టం చేసేవాడూ నష్టపోయేవాడూ మాట్లాడుకుని తేల్చుకోవచ్చన్న ఆయన బేరసారాలు. 1968 నాటి హార్డిన్, అందరూ మేపి పాడుచేసే ఆయన ఉమ్మడి పచ్చిక బయలు. ప్రకృతికి డబ్బులో విలువ కట్టే పద్ధతులకు ఒక యూనిట్. సుస్థిరాభివృద్ధి చివరిది, అక్కడికి చేరేసరికి పరీక్షలు ముంచుకొస్తాయి. పొగ కక్కే ఫ్యాక్టరీ పక్కన నష్టపోయే లాండ్రీ కథ చెప్పి, రెండు గీతలు ఖండించుకునే పటం గీసి, విద్యార్థి మార్కులు తెచ్చుకుంటాడు. అదే వారం ఇంటి దగ్గర వాళ్ల నాన్న మూడో బోరు వేయించాలా, ఉన్న భూమిలో అరెకరం అమ్మాలా అని ఆలోచిస్తుంటాడు. ఈ రెండూ ఒకే పాఠమని ఆ విద్యార్థికి ఎవరూ చెప్పరు.

డిగ్రీలో అందరికీ తప్పనిసరి అయిన పర్యావరణ అధ్యయనం పేపరు ఉంది కదా అంటారు. ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల వచ్చింది అది. మంచిదే. కానీ అందులో నీటిని పొదుపుగా వాడాలని రాయిస్తారు తప్ప, పొదుపు చేసిన నీరు ఎవరి మోటారులోకి పోతుందో అడగరు. అది అడిగే పని మనది.

బోరుబావే ఎందుకంటారా? మన దేశం ఏటా తోడుతున్న భూగర్భ జలం సుమారు 240 శతకోటి ఘనపు మీటర్లు. మనకు అలవాటైన లెక్కలో చెబితే దాదాపు ఎనిమిదిన్నర వేల టీఎంసీలు. ప్రపంచంలో ఇంత తోడే దేశం మరొకటి లేదు. ఇందులో నూటికి 85 పాళ్లకు పైగా పొలాలకే పోతుంది. నదీ జలాల పంపకం మీద మనం ఊరూరా చర్చించుకుంటాం. దీని మీద చర్చించం, ఎందుకంటే దీనికి గేట్లు లేవు, ప్రారంభోత్సవాలు లేవు.

మొదటి పాఠం హక్కు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం తన భూమి కింద నీటిని తోడుకునే హక్కు భూయజమానిది. నిర్ణీత కాలువలో పారని నీరు కాబట్టి, తోడినవాడిదే నీరు. భూమి లేనివాడికి ఆ నీటిలో వాటా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. వాల్టా అంటే అందరికీ తెలుసు. కొత్త బోరుకు అనుమతి కావాలని, ఉన్న బావికి ఇంత దూరంలో ఉండాలని అది చెబుతుంది. ఊళ్లో ఎన్ని బోర్లు అనుమతి తీసుకుని వేశారో మీ విద్యార్థుల చేత ఒకసారి లెక్క రాయించండి. చట్టానికీ వ్యవస్థకూ మధ్య ఉన్న దూరం మీద అంతకు మించిన ఉపన్యాసం ఉండదు.

రెండో పాఠం బాహ్య ప్రభావం, అంటే ఒకరి పని వల్ల దానితో సంబంధం లేని మరొకరికి కలిగే నష్టం లేదా లాభం. దీన్ని మాటలతో కాకుండా అంకెలతో చెప్పాలి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా మేర కింద ఉన్నది గ్రానైటు వంటి గట్టి రాయి. పైపొరలోని గుల్ల రాయిలోనూ, పగుళ్లలోనూ కాస్త నీరు దాగుతుంది. నూటికి రెండు పాళ్లు అనుకుందాం. అంటే నీటి మట్టం ఒక మీటరు పడిపోతే మనకు వచ్చేది రెండు సెంటీమీటర్ల నీరు. యాసంగి వరికి సుమారు 120 సెంటీమీటర్లు కావాలి. ఒక ఎకరం వరికి కావలసిన నీరు ఆ ఎకరం అడుగు నుంచే రావాలంటే మట్టం 60 మీటర్లు దిగాలి! మడిలోంచి కొంత నీరు తిరిగి ఇంకుతుంది, దాన్ని తీసేయండి. అయినా లెక్క కుదరదు. ఆ నీరు చుట్టుపక్కల పదుల ఎకరాల కింది నుంచి వస్తోంది. పొరుగు రైతు బోరు గాలి పోయడానికి కారణం ఈ గుణకారంలోనే ఉంది. వేరుశనగ వేస్తే 50 సెంటీమీటర్లతో సరిపోతుంది. ఈ లెక్కకు కలనగణితం అక్కర్లేదు, ఏడో తరగతి గుణకారం చాలు.

ఇక్కడ సిద్ధాంతం చదివేవాళ్లకు ఒక హెచ్చరిక. 1980లో గిస్సర్, సాంచెజ్ అనే ఇద్దరు అమెరికాలోని న్యూమెక్సికోలో పెకోస్ పరీవాహకాన్ని తీసుకుని, భూగర్భ జలాన్ని ఎవరికి వారు తోడుకున్నా, ప్రణాళిక ప్రకారం తోడినా లాభంలో పెద్ద తేడా ఉండదని చూపించారు. పాఠ్యపుస్తకాల్లో ఇది ప్రసిద్ధమైన ఫలితం. దాన్ని అలాగే కంఠస్థం చేసిన విద్యార్థి, అయితే మనకూ నియంత్రణ అక్కర్లేదనే నిర్ణయానికి వస్తాడు. వారి నమూనాలో భూగర్భం ఒక పెద్ద తొట్టి. ఎక్కడ తోడినా మట్టం అంతటా సమంగా, నెమ్మదిగా దిగుతుంది. మన రాయిలో నిల్వ చిన్నది, వాన పడితే నిండుతుంది, ఫిబ్రవరికి అడుగంటుతుంది. ఇక్కడి పోటీ తరాల మధ్య కంటే ముందు ఒకే సీజన్‌లో ఇద్దరు పొరుగువాళ్ల మధ్య జరుగుతుంది. ఒక సిద్ధాంతం ఏ రాయి మీద నిలబడి ఉందో అడగడం నేర్పితే, సగం బోధన అయిపోయినట్టే.

ఇక కరెంటు. నేను ఎక్కువసేపు నిలబడాలనుకున్న చోటు ఇదే. 2004 మేలో వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీద చేశారు. ‘ఉచితం కాబట్టి తోడేస్తున్నారు’ అని మన విద్యార్థులు రాస్తారు, మనం మార్కులు వేస్తాం. కానీ అంతకుముందు ఏముంది? 1980ల నుంచీ హార్స్‌పవర్‌కు ఇంత అని కట్టే స్లాబు పద్ధతి. మోటారు పది గంటలు ఆడినా వంద గంటలు ఆడినా బిల్లు ఒకటే. అంటే ఉపాంత వ్యయం, అదనంగా ఇంకో గంట తోడితే పెరిగే ఖర్చు, అప్పుడే సున్నా. 2004లో పోయింది స్థిర వ్యయం. అది రైతు చేతికి చేరిన బదిలీ. అదనంగా ఒక గంట తోడడానికి అయ్యే ఖర్చులో మార్పు లేదు. మరి తోడకాన్ని అదుపులో పెట్టింది ఏమిటి? కరెంటు వచ్చే గంటలు. ఏడు గంటలో తొమ్మిది గంటలో ఇచ్చే సరఫరాయే అసలు రేషను. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటలూ ఇవ్వడంతో మారింది ఆ రేషను. ఉపాంతం, సగటు, స్థిరం అనే మూడు మాటలకు తేడా తెలియడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ విదేశీ పుస్తకంలో దొరుకుతుంది?

ఆటో స్టార్టర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడుతుంది. 24 గంటల సరఫరా మొదలైనప్పుడు వాటిని తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. ఒక్కడు తీసేస్తే ఏమవుతుంది? అతను పొదుపు చేసిన నీరు పక్కవాడి పైపులోకి పోతుంది. ఎవరికి వారు తమ మేలు చూసుకుంటే చివరికి అందరూ నష్టపోయే ‘ఖైదీల సందిగ్ధా’న్ని ఇద్దరు దొంగల కథతో చెప్పడం మానేసి దీనితో చెప్పండి.

అయితే మీటర్లు పెడితే చాలా? అలా రాసినవాడికి నేనైతే సగం మార్కులే వేస్తాను. కాలువ కింద రైతుకు నీరు ప్రజల డబ్బుతో కట్టిన ఆనకట్ట నుంచి వాలున వస్తుంది. బోరు రైతు డ్రిల్లింగు, కేసింగు, మోటారు అన్నీ తన అప్పుతో పెట్టుకున్నాడు. ఉచిత కరెంటు ఆ వ్యత్యాసానికి ఒక మొరటు పరిహారం. ధర పెంచితే ఇంచు నీళ్లున్న రైతు ముందు ఆగిపోతాడు, మూడించులున్న రైతు ఆగడు. వనరుల వాడకంలో సామర్థ్యాన్ని చూపే మన పటంలో మాత్రం ఈ ఇద్దరూ ఒకే చుక్క, వాళ్ల మధ్య తేడా అందులో కనబడదు.

రేపటి డబ్బుకు ఈరోజు విలువ ఎంతో లెక్కకట్టే డిస్కౌంట్ రేటు అనగానే పిల్లలు బెదిరిపోతారు. ఊళ్లో దాని పేరు ‘మూడు రూపాయల వడ్డీ’. నూటికి నెలకు మూడు, ఏడాదికి 36 శాతం. పదేళ్ల తర్వాత చేతికొచ్చే వెయ్యి రూపాయలకు నేటి విలువ నాలుగు శాతం రేటుతో 676 రూపాయలు. 36 శాతంతో చక్రవడ్డీ లెక్క వేస్తే 46. ఆ అప్పు మీద బోరు వేసిన మనిషి పదేళ్ల తర్వాతి నీటి కోసం ఈ యాసంగి మోటారు ఆపడు. అతనిలో లోపం లేదు, లెక్క సరిగ్గానే చేశాడు. భూగర్భ జలాన్ని కాపాడే విధానాల జాబితాలో చౌక బ్యాంకు రుణాన్ని చేర్చిన జవాబు పత్రం నాకింతవరకు కనబడలేదు. రావాలని కోరిక.

హార్డిన్ దగ్గర చాలామంది పాఠం ఆపేస్తారు: ఉమ్మడి వనరు నాశనమవుతుంది, కాబట్టి ప్రభుత్వానికివ్వాలి లేదా ప్రైవేటుకివ్వాలి. 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న తొలి మహిళ ఎలినార్ ఆస్ట్రామ్ ఈ వాదాన్ని ఎలా పక్కకు నెట్టారో చెప్పకుండా వదలకూడదు. ఆమె 1965 నాటి డాక్టరేట్ పరిశోధన కూడా బావుల మీదే. లాస్ ఏంజెలెస్ దగ్గర వెస్ట్ బేసిన్‌లో నీరు అతిగా తోడడంతో సముద్రపు ఉప్పునీరు లోపలికి చొచ్చుకొస్తుంటే, తోడేవాళ్లే కూడబలుక్కుని వాటాలు తేల్చుకున్న తీరును ఆమె అధ్యయనం చేశారు. అన్నట్టు, ఆమె చదివింది రాజనీతి శాస్త్రం. శాఖల మధ్య గోడలు కట్టుకున్న మిత్రులు గమనించగలరు.

అంత దూరం వెళ్లనక్కర్లేదు, కర్నూలు జిల్లా ఉంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు అక్కడి కాలువ కింది గ్రామాల్లో తిరిగి 1988లో పుస్తకం ప్రచురించాడు. కాలువ చివరి ఊళ్లలో, అంటే నీరు అందుతుందో లేదో తెలియని చోట, రైతులు నీరు పంచడానికి మనుషులను, పంట కాపలాకు మనుషులను తామే పెట్టుకున్నారు. కోతలయ్యాక పొలాల్లో మేత హక్కును గొర్రెల కాపరులకు వేలం వేసి, ఆ డబ్బును ఊరి నిధిలో జమ చేశారు. చట్టబద్ధమైన పంచాయతీతో దీనికి సంబంధం లేదు. కాలువ మొదట్లో, నీరు పుష్కలంగా ఉన్న ఊళ్లలో ఇటువంటి ఏర్పాట్లు అంతగా లేవు. కలిసి ఉండడంలో నష్టం తప్పుతుందని తేలిన చోటే కలిశారు. ఆస్ట్రామ్ పుస్తకాన్ని అమెరికా నుంచి తెప్పించుకుని చదివే మనకు కర్నూలు ఊళ్ల సంగతి తెలియకపోవడం నాకు చిరాకు తెప్పిస్తుంది.

భూగర్భ జలం విషయంలో ఇటువంటి కట్టుబాటు ఎందుకు రాలేదు? కాలువలో నీరు కంటికి కనబడుతుంది. భూమి కింద కనబడదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2004 నుంచి 2010 వరకు ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో జరిగిన రైతుల భూగర్భ జల నిర్వహణ ప్రాజెక్టు చేసిన పని, ఆ నీటిని కనబడేలా చేయడమే. రైతులే వర్షమాపకం చూశారు, బావిలోకి టేపు వదిలి మట్టం కొలిచారు, యాసంగికి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేశారు. నిషేధాలు లేవు, సబ్సిడీల ఎర లేదు. చాలామంది వరి తగ్గించారు. ప్రాజెక్టు ముగిశాక ఆ కొలతలు అన్నిచోట్లా నిలవలేదు. ఈ రెండు ముక్కలనూ కలిపి చెప్పాలి. సమాచారం ఎంతవరకు పనిచేస్తుంది, నియమం ఎక్కడ కావాలి అన్న చర్చ అక్కడే పుడుతుంది.

విలువ కట్టే పద్ధతుల మీద రెండు మాటలే. అటవీ భూమిని వేరే అవసరానికి మళ్లిస్తే హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల వరకు చెల్లించాలని 2008లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. తర్వాత సవరించారు కూడా. ఆ అంకె ఎలా వచ్చిందో నేర్పండి. ఆ డబ్బు ఎవరికి చేరుతుంది, తునికాకు ఏరుకునే కుటుంబానికి అందులో ఎంత అన్నది తప్పక అడగండి.

తెలుగు మాధ్యమం పిల్లలకు ఇదంతా కష్టమని ఒక మిత్రుడు ఉదయం అన్నారు. నా అనుభవం వేరు. బోరు గురించి మాట్లాడేటప్పుడు వాళ్లే మనకు చెబుతారు. కష్టమల్లా మనకే, ఎందుకంటే జవాబు గైడులో ఉండదు. కావలసిన సమాచారానికి కొరత లేదు. కేంద్ర భూగర్భ జల మండలి ఏడాదికి నాలుగుసార్లు మట్టాలు కొలుస్తుంది, రాష్ట్ర శాఖలూ కొలుస్తాయి. జూన్‌లో ప్రతి విద్యార్థీ తన ఊళ్లో ఒక బావిని ఎంచుకుని, మార్చి వరకు నెలకోసారి మట్టం, చుట్టూ ఉన్న పంటలు, మోటారు ఆడిన గంటలు, బోరు అప్పు రాసుకోవాలి. భూమి లేని ఇంటి పిల్లలు మంచినీటి పథకం బోరును తీసుకోవచ్చు; వాళ్ల నోట్సు చాలాసార్లు ఎక్కువ విషయం చెబుతుంది.

పరీక్షలో ఎలా అడగాలని సందేహిస్తే ఒక నమూనా ప్రశ్న ఇస్తాను, వాడుకోండి. ‘మీ ఊళ్లో పది మంది రైతులకు ఒకే పొర నుంచి నీరు వస్తోంది. ముగ్గురికి మూడించుల బోర్లు, ఏడుగురికి ఇంచు నీరు. అందరిదీ మూడు రూపాయల అప్పు. ఎ) యూనిట్‌కు ధర పెడితే, బి) కరెంటు గంటలు తగ్గిస్తే, సి) పైపులు కలిపి నీరు పంచుకుని కొత్త బోర్లు వేయబోమని ఒప్పుకుంటే, ఎవరికి ఎంత లాభనష్టం? ఒప్పందాన్ని మొదట ఎవరు మీరుతారు, ఎందుకు? మీరు కొలిచిన బావి అంకెలతో రాయండి.’ ఇరవై మార్కులు, గంట సమయం. పుస్తకం తెరిచి చూసుకోనివ్వండి, ఫరవాలేదు.