పెంట చూసి మొహం తిప్పుకోకండి

అందరికీ నమస్కారమండి. సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టేవాళ్ళం, వాకిట్లో కళ్ళాపి జల్లేవాళ్ళం, భోగి మంటలో పిడకలేసేవాళ్ళం, మనకి పేడంటే అసహ్యం ఉండకూడదసలు. కానీ మొన్న విశాఖ దగ్గర కంబాలకొండ అడవిలో మాతో నడవడానికొచ్చిన పిల్లలు బండ మీద గింజలతో ఉన్న పెంట కనపడగానే ఛీ అని ముక్కు మూసుకుని కర్రతో పక్కకి నెట్టేశారు, నాకు ప్రాణం ఉసూరుమంది.

ఎందుకంటే అది చెట్లెక్కే పునుగు జాతి పిల్లిది. రాత్రంతా పళ్ళు తిని, బండ మీదో పడిపోయిన మాను మీదో విసర్జిస్తుంది, గింజలు మాత్రం అరక్కుండా బయటికొచ్చేస్తాయి. పాడేరు వైపు జీలుగు కల్లు తాగుతారు కదా, ఆ జీలుగు గింజల్ని అడవిలో మోసుకెళ్ళేవాటిలో ఇదొకటి. కాఫీ పళ్ళూ తింటుంది. పెంటలో వచ్చిన ఆ గింజల కాఫీకి రేటెక్కువని కొన్ని దేశాల్లో వీటిని బోనుల్లో పెట్టి కాఫీ పళ్ళే మేపుతున్నారు, అది ఘోరమండి, ఆ కాఫీ ఎవరిచ్చినా తాగొద్దు.

ఇక ఖడ్గమృగం. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వచ్చి గుట్టగా వేస్తుంది, పక్క ఖడ్గమృగాలూ అక్కడికే వస్తాయి. ఆఫ్రికాలో తెల్ల ఖడ్గమృగాల మీద చేసిన పరిశోధన 2017లో వచ్చింది, పేడ వాసనలోనే అది ఆడదా మగదా, వయసెంత, ఎదకొచ్చిందా, ఆ ఏరియా ఎవరిది, అన్నీ ఉంటాయట. చూపు అంతంతమాత్రం ఉన్న జంతువుకి ముక్కే కళ్ళు కదా!

ఆస్ట్రేలియాలో వాంబాట్ అని బొరియల్లో ఉండే జంతువుంది, దాని పెంట అచ్చం పాచికల్లా పలకలు పలకలుగా వస్తుంది, ఇంకే జంతువుకీ అలా రాదు. పేగు చుట్టూ కొంత భాగం గట్టిగా, కొంత సాగేలా ఉంటుంది, చివర్లో నీరు ఇంకిపోయి గట్టిపడేటప్పుడు ఆ ముడుచుకోవడంలో తేడా వల్ల మూలలొస్తాయి. ఇది కనిపెట్టినవాళ్ళకి 2019లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతది.

అమెరికా ఖండాల అడవుల్లో చెట్ల మీద నెమ్మదిగా కదిలే స్లాత్ అయితే పెంట వేయడానికి వారానికోసారే చెట్టు దిగుతుంది, ఒంటి బరువులో మూడో వంతు దాకా ఒకేసారి పోతుంది. దిగితే ఏ జంతువన్నా పట్టుకునే ప్రమాదముంది, అయినా దిగుతుంది, ఎందుకన్నది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఈసారి కంబాలకొండ వస్తే బండలు చూసుకుంటూ నడవండి. గింజలతో పెంట కనపడితే ఫొటో తీసుకోండి, ఏ గింజలో కూర్చుని చూద్దాం, కర్ర మాత్రం పెట్టకండి.