బ్యాండ్ సా గైడు దేనితో చేసుకోవాలి?
(విశ్వకర్మ జయంతి సభలో వడ్రంగి కార్మికులనుద్దేశించి చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు కూర్చున్న మేస్త్రులకు, వెనక నిలబడ్డ కుర్రాళ్లకు నమస్కారం. ఇవాళ పనిముట్లకు పసుపు రాసి బొట్టు పెట్టుకున్నాం. అధ్యక్షులవారు నన్ను వృత్తి గౌరవం గురించి మాట్లాడమన్నారు. నేను మాత్రం బ్యాండ్ సా, అంటే చక్రాల మీద తిరిగే పట్టీ బ్లేడుతో చెక్క కోసే మిషను, దాని మీద చెక్కను ఆనించి తోసే గైడు గురించి మాట్లాడతాను. ఆయన ఏమీ అనుకోరనే నమ్మకం నాకుంది.

మన షెడ్లలో చిన్న మిషన్లు చాలావాటికి గైడు ఉండదు. నేను కొన్నదానికీ రాలేదు. అడిగితే వేరే డబ్బు కట్టమన్నారు. కట్టి తెప్పిస్తే రేకు వంచి చేసింది పంపారు. బోల్టు బిగించేకొద్దీ అది పక్కకు జరిగేది. ఇలా విసిగిపోయే మనం సొంతంగా చేసుకుంటున్నాం. చేసుకోవాలి కూడా. అయితే చేతికి ఏది దొరికితే దానితో చేసేస్తున్నాం, నా బాధ అదీ.

ఎక్కువమంది వాడేది రీపరు ముక్క, రెండు సీ క్లాంపులు. ఆ రీపరు మిల్లు నుంచి నిన్నో మొన్నో వచ్చి ఉంటుంది. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి పొడవులో తగ్గేది లెక్కలోకి రాదు. వెడల్పులో మాత్రం, కోసిన తీరును బట్టి, నూటికి 2.5 నుంచి 5.8 దాకా తగ్గుతుంది. అన్ని వైపులా ఒకేలా తగ్గదు కాబట్టే బద్ద వంగుతుంది, మెలి తిరుగుతుంది. టేకే ఇలా ఉంటే మామిడి సంగతి మీకు చెప్పాలా? చెక్కతోనే చేసుకోవాలంటే పాత ఇళ్లు పడగొట్టిన చోట గుమ్మాల టేకు కొనండి. అది ఏళ్ల తరబడి ఆరిన చెక్క. కొనేముందు దాని మీద అయస్కాంతం తిప్పి చూడండి, లోపల మేకులు విరిగి ఉంటాయి.

ఇనప యాంగిల్ గట్టిది, కాదనను. కానీ దాని మూల ఎప్పుడూ సరిగ్గా తొంభై డిగ్రీలు ఉంటుందనుకోవద్దు, మూలమట్టం పెట్టి చూడండి. దానికి వెల్డింగ్ పెడితే వేడికి ఒక పక్కకు లాగేస్తుంది. పైగా బ్లేడు పొరపాటున ఇనుముకు తగిలితే పళ్లు పోతాయి. చెక్క పీచును అదిమి చేసే ఎండీఎఫ్ పలక కొన్నప్పుడు చాలా సూటిగా ఉంటుంది గానీ వానాకాలం తేమకు అంచులు ఉబ్బుతాయి. ప్లైవుడ్ నయం. పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి కదలిక తక్కువ. ఐఎస్ 710 ముద్ర ఉన్న, అంటే నీటికి తట్టుకునే రకం, 18 మిల్లీమీటర్ల ప్లై రెండు ముక్కలు అంటించి, ముఖానికి సన్‌మైకా వేస్తే చెక్క చక్కగా జారుతుంది.

నా ఓటు మాత్రం లోపల బోలుగా ఉండే అల్యూమినియం బాక్సు సెక్షనుకే. రెండంగుళాలు, అంగుళం సైజుది. కిటికీలు చేసే షాపుల్లో తుంపులు దొరుకుతాయి. ఒకే మందంలో తీసుకుంటే అల్యూమినియం బిగువు ఇనుములో మూడో వంతే, అందుకని చేత్తో నొక్కితే సొట్టపడే పల్చటివి తీసుకోవద్దు. 3 మిల్లీమీటర్ల గోడ ఉన్నది వెతకండి.

మా మేస్త్రిగారు అలాంటి షాపుకు వెళ్తే చంకలో ఓ ప్లై ముక్క, చెవి మీద సన్నగా చెక్కిన పెన్సిలు ఉండేవి. సెక్షనును ప్లై మీద పెట్టి అంచు వెంట గీత గీసేవారు. తర్వాత దాన్ని బోర్లా తిప్పి, అదే అంచును ఆ గీతకే ఆనించి మళ్లీ గీసేవారు. రెండు గీతలూ కలిసిపోతే అంచు సూటి. వంకర ఎంతున్నా, గీతల మధ్య సందు దానికి రెట్టింపు కనిపిస్తుంది, ఇక దాగేదెక్కడ? ఒకసారి ఆయన ముక్క తర్వాత ముక్క పక్కన పడేస్తుంటే షాపాయన కోప్పడ్డాడు. మేస్త్రిగారు మారుమాట్లాడకుండా ఆ రెండు గీతలు చూపించారు. షాపాయన కాసేపు చూసి, లోపలికెళ్లి కొత్త కట్ట విప్పుకొచ్చాడు. 2023లో ఇదే రోజున మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తున్నారు కదా, ఏం కొనమంటారని కుర్రాళ్లు అడుగుతుంటారు. ముందు మంచి మూలమట్టం కొనుక్కోండి నాన్నా. సూటి ఏదో, వంకర ఏదో చూడటం దానితో మొదలవుతుంది.

అసలు నేను ఈ మైకు ముందుకు వచ్చింది ఎత్తు గురించి చెప్పడానికి. మా పక్క షెడ్డులో ఆరంగుళాల ప్లై గైడు ఉండేది. పలకను నిలబెట్టి చీల్చడానికి అది బాగానే ఉండేది. దాన్ని అలాగే వదిలేసి ఓ కుర్రాడి చేత సన్న బద్దలు కోయించారు. సన్న బద్దకు గైడు బ్లేడు దగ్గరికి రావాలి. వచ్చిన గైడు అంత ఎత్తుంటే పైన బ్లేడును పట్టి ఉంచే బేరింగుల గూడు దాని నెత్తికి తగిలి ఆగిపోతుంది, దానితో పాటు బ్లేడును కప్పే గార్డూ దిగదు. అంగుళం చెక్క కోస్తుంటే దాని పైన అయిదంగుళాల బ్లేడు బయట తిరుగుతోంది. వాడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. ఇప్పుడు వాడు ఉలి పట్టుకునే తీరు చూస్తే నాకు కడుపులో తిప్పేస్తుంది. అన్నలారా, ఆ గైడు సూటిగానే ఉంది! కోత శుభ్రంగానే ఉంది! ఎత్తు ఒక్కటే ఎవరూ చూడలేదు.

బాక్సు సెక్షను ఎందుకంటున్నానో ఇప్పుడు చూడండి. పడుకోబెడితే ఎత్తు అంగుళమే, గార్డు చెక్కకు పావంగుళం పైదాకా దిగుతుంది. పలక చీల్చాలంటే దానికే రెండు బోల్టులతో ఎత్తైన ప్లై బిగించుకుని, పని కాగానే విప్పేయవచ్చు. బోల్టు బెజ్జాలు కాస్త పొడుగ్గా తీయండి. బ్లేడు కొత్తదైనా ఒక్కోసారి పక్కకు లాగుతుంది, గైడును ఆ వాటానికి తిప్పుకోవాలి. చెక్కలో బిగువు ఉండి, కోశాక రెండు ముక్కలూ విచ్చుకునేలా ఉంటే గైడు బ్లేడు దాటి కొంచెం దూరంలోనే ఆగిపోవాలి, లేకపోతే చెక్క మధ్యలో ఇరుక్కుంటుంది. చివర చేత్తో తోయకండి, కర్రతో తోయండి.

రేపు పొద్దున మిషను ఆన్ చేసేముందు గార్డు చెక్కదాకా దిగుతోందో లేదో చూడండి. దిగకపోతే ఆ గైడు విప్పేయండి. కొత్తది చేసుకోవడానికి సెక్షను లేదంటారా, నా షెడ్డులో గీతలు గీసి చూసిన తుంపులు ఉన్నాయి. ఎవరైనా వచ్చి తీసుకెళ్లండి, డబ్బులక్కర్లేదు.