ఒక సెట్టు ఎక్కువ

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఒక సినిమా గురించి మాట్లాడుకుందాం. పేరు 'వన్ అవర్ ఫొటో'. 2002లో వచ్చిన అమెరికన్ సినిమా. రాసిందీ తీసిందీ మార్క్ రోమనెక్. నవ్వులకు పేరుపడ్డ రాబిన్ విలియమ్స్ ఇందులో సై ప్యారిష్ అనే ఒంటరి మనిషి.

సేవ్‌మార్ట్ అనే పెద్ద దుకాణంలో ఒక మూల ఫొటో ల్యాబ్. గంటలో కెమెరా ఫిల్ము రోలు కడిగి ప్రింట్లు చేతికిస్తారు. సై ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్నాడు. నీనా యార్కిన్ అనే ఇల్లాలు, భర్త విల్, కొడుకు జేక్. వాళ్లింటి రోళ్లన్నీ సై చేతి మీదుగానే వెళ్తాయి. నీనా అడిగిన ప్రింట్లు నీనాకిస్తాడు. ఒక సెట్టు ఎక్కువ వేసి తన ఇంటికి పట్టుకెళ్తాడు. ఒక సెట్టు ఎక్కువ, అంతే. సై ఇంట్లో ఒక గోడ నిండా ఆ కుటుంబమే ఉంటుంది.

సినిమా మొదట్లో ఒక చిన్న సన్నివేశం ఉంది. నీనా కెమెరా కౌంటర్ మీద పెడుతుంది. రోల్లో ఇంకా మిగిలింది, వృథా ఎందుకంటూ సై కెమెరాను తనవైపు తిప్పుకుని తన ఫొటో తానే తీసుకుంటాడు. నీనా నవ్వి ఊరుకుంటుంది. పిల్లాడి పుట్టినరోజు ఫొటోలున్న కవర్లో సై మొహం కూడా వాళ్లింట్లోకి వెళ్తుంది. కేకల్లేవు, కత్తుల్లేవు. అయినా చూసేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది.

నాకు ఈ సినిమాలో బాగా నచ్చేది సై పనితనం. ప్రింట్ల రంగు కొద్దిగా జారిందని మిషన్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్‌తో గట్టిగా గొడవపడతాడు. ఇంత చిన్న విషయానికా అనిపించవచ్చు. ల్యాబ్‌లో పనిచేసినవాళ్లకు తెలుసు, అది చిన్న విషయం కాదు. కలర్ నెగిటివ్ కడిగే డెవలపర్ అనే రసాయన ద్రావణం 37.8 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండాలి, ఫిల్ము అందులో 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. అర డిగ్రీ తేడా వచ్చినా రంగుల తూకం తప్పుతుంది. అందుకే మంచి ల్యాబుల్లో పొద్దున్నే, మొదటి రోలు వేయకముందే, కంట్రోల్ స్ట్రిప్ అనే పరీక్ష ఫిల్ము ముక్కను కడిగి, రంగు చిక్కదనం కొలిచే డెన్సిటోమీటర్‌తో కొలిచి చూసేవారు. పరాయివాళ్ల పెళ్లి ఫొటోలో చర్మం రంగు సరిగా రావాలని అంత తాపత్రయం. సైలో ఆ నిజాయితీ ఉంది. ఫొటోల మీద అంత శ్రద్ధ ఉన్న మనిషే వాటిని దొంగిలిస్తున్నాడు. సినిమా బలమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

మరి ఎలా దొరికాడు? లెక్కలో దొరికాడు. మిషన్ వేసే ప్రతి ప్రింటునూ కౌంటర్ లెక్కపెడుతుంది. డబ్బు కట్టిన ప్రింట్లెన్నో బిల్లుల్లో ఉంటుంది. రంగు తేడా వచ్చి పారేసిన ప్రింట్లను వేస్టు కింద రాయడం ల్యాబుల్లో మామూలే, కాబట్టి రోజుకు నాలుగు ప్రింట్లు ఎక్కువైతే ఎవరూ పట్టించుకోరు. ఏళ్ల తరబడి వేస్తే మాత్రం రెండు అంకెలు దూరమవుతాయి. మేనేజర్ ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూశాడు. సై ఉద్యోగం పోయింది. కథ అసలు చీకట్లోకి వెళ్లేది అక్కణ్ణుంచే. అక్కడ ఏం జరుగుతుందో నేను చెప్పను, మీరే చూడండి.

ఇప్పుడు రోళ్లు కడిగించేవాళ్లు తక్కువ. కానీ మన ఫొటోలు, మన కాగితాలు పరాయి మిషన్లోకి వెళ్లడం ఆగలేదు. జిరాక్స్ సెంటర్ సంగతే తీసుకోండి. ఆధార్ కార్డు, పాసుపుస్తకం, అమ్మాయి పాస్‌పోర్ట్ సైజు ఫొటో షాపు నంబరుకు వాట్సాప్‌లో పంపుతాం. ప్రింటు తీసుకుంటాం, డబ్బులిస్తాం, వచ్చేస్తాం. ఒక కాపీ అక్కడే ఉండిపోతుంది. సై లాంటి మనిషి ఉండనక్కర్లేదు, ఎవరూ చెరపకపోతే చాలు.

మీ ఫోన్లో 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కినంత మాత్రాన పని అయిపోదు. ప్రింటు ఇవ్వడానికి ఆ ఫైలును అప్పటికే కంప్యూటర్లోకి దించారు. అది డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉంటుంది. అక్కడ చెరిపితే రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది. కాబట్టి ప్రింటు చేతికి రాగానే కదలకండి. "బాబూ, డౌన్‌లోడ్స్‌లో ఒకసారి తీసెయ్యి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి" అని అడగండి. షాపు వాట్సాప్‌లో మీ చాట్ కూడా తీసేయమనండి. అడగడానికి మొహమాటం వద్దు, అర నిమిషం పని.

ఫోన్ రిపేరుకిచ్చేటప్పుడూ అంతే. సిమ్ము, మెమరీ కార్డు తీసి జేబులో వేసుకోండి. శామ్‌సంగ్ కొత్త ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్ ఉంది, గూగుల్ పిక్సెల్లో రిపేర్ మోడ్ ఉంది. అది ఆన్ చేసి ఇస్తే మెకానిక్ ఫోన్ పరీక్షించుకోగలడు, మీ ఫొటోలు మాత్రం కనిపించవు. ఆ సదుపాయం లేకపోతే ఫొటోలు బ్యాకప్ తీసుకుని, ఫోన్ రీసెట్ చేసి ఇవ్వండి. రసీదు మీద ప్యాటర్న్ గీసి ఇవ్వమంటే గీయకండి. బ్యాటరీయో స్క్రీనో మార్చడానికి సాధారణంగా ఆ అవసరం రాదు. ఫోన్ మళ్లీ చేతికొచ్చాక టచ్, స్పీకర్, కెమెరా అక్కడే నిలబడి మీరే చూసుకోండి. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' కూడా తెరిచి చూడండి. మీకు తెలియని కంప్యూటర్ పేరు కనిపిస్తే వెంటనే లాగౌట్ నొక్కండి.